ఆసియా భాషలకు గూడు కట్టిన రవీంద్రుడు

1937వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీ వంగదేశమున నూతన సంవత్సరాది. ఆ దినమున శాంతినికేతనమునందు ఒక క్రొత్త భవనమునకు ప్రారంభోత్సవము జరిగెను. చైనా భాషను, చైనా వాఙ్మయమును, ఆ భాషలో నిలిచియున్న బౌద్ధశాస్త్రములను అభ్యసించుటకై నిర్మించిన భవనమది. దానికి చీనాభవనమని పేరిడిరి. సభకు అధ్యక్షత వహింపవలసిన జవహర్‌లాల్ నెహ్రూ అస్వస్థుడై రాజాలక, తన సందేశమును కుమార్తె ఇందిరచే పంపెను. గాంధీ మహాత్ముని సందేశమును అందెను. డెబ్బదియారవ యేడు ముగియవచ్చిన రవీంద్రనాథ ఠాకూరు ఆ సభలో ప్రసంగించుచు, ఆ దినముకొరకు తాను చిరకాలము వేచియుంటినని తెలిపెను. వేయి సంవత్సరములకు పూర్వము తెగిపోయిన యొక బాంధవ్యమును తిరిగి ముడివేయుచున్న గృహస్థుని సంతోషము ఆనాడు ఆయనది.

ఆ సంతోషము మూడు నెలలైనను నిలువలేదు. జూలై 7వ తేదీన పెకింగు చెంత జపాను సేనలకును చైనా సేనలకును పోరాటము మొదలై, మహాయుద్ధముగా పరిణమించెను. చైనాతోపాటు రవీంద్రుడు యౌవనమునుండి ప్రేమించిన రెండవ దేశము జపాను. తాను చెలిమి కూర్ప దలచిన ఇరువురిలో ఒకడు రెండవవాని యింటిపై పడుట ఆయన తన జీవితాంతమున కన్నులార చూడవలసివచ్చినది.

రవీంద్రుని మనము గీతాంజలి కర్తగా ఎరుగుదుము. మన జాతీయగీతమును రచించిన మహనీయునిగా ప్రతిదినము పాఠశాలలలో స్మరించుచున్నాము. కాని ఆయన నలువది సంవత్సరములు పట్టుదలతో సాగించిన మరియొక కార్యము మన విద్యార్థులకు అంతగా పరిచితము కాదు. ఆసియా ఖండమందలి జాతులు ఒకరి భాష నొకరు నేర్చుకొని, ఒకరి గ్రంథముల నొకరు మూలములోనే చదువుకొనుటకు ఒక చోటు కల్పింపవలెనని ఆయన తలచెను. ఆ చోటు ఎట్లేర్పడినదో, దానికై ఆయన ఏమేమి సహించెనో తెలిసికొనుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ప్రయోజనకరమని నా విశ్వాసము.

రవీంద్రుడు 1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తాలోని జోడాసాంకో భవనమున జన్మించెను. తండ్రి దేవేంద్రనాథుడు మహర్షియని పేర్గాంచిన బ్రహ్మసమాజ నాయకుడు. ఉపనిషత్తులెంత ప్రియములో, పారసీక కవియైన హాఫిజ్ గీతములును ఆయనకంత ప్రియములు. కావున రెండు భాషల తత్త్వవాణి ఒకే గృహమున వినుట రవీంద్రునకు బాల్యమునుండి అలవడినది. ఆ యింటి సంపదలో మరియొక పార్శ్వమును కలదు. తాత ద్వారకానాథుడు గొప్ప వర్తకుడు. చైనాకు నల్లమందు కొనిపోవు ఓడలలో ఆయనకును భాగముండెను. ఇరువదియేండ్ల ప్రాయమున, 1881లో, రవీంద్రుడు భారతి అను వంగపత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. ఇంగ్లీషువారు చైనా ప్రజలపై బలవంతముగా రుద్దిన నల్లమందు వర్తకమును అందులో తీవ్రముగా గర్హించెను. చైనా నేలపై అడుగిడుటకు నలువదిమూడు సంవత్సరముల ముందే ఆ దేశపు దుఃఖము ఆయన కలమును కదలించినదన్నమాట.

1901వ సంవత్సరము డిసెంబరులో, తండ్రి నెలకొల్పిన శాంతినికేతనాశ్రమమున, రవీంద్రుడు ఒక చిన్న పాఠశాలను తెరచెను. విద్యార్థులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. చెట్లనీడలే తరగతి గదులు. మరుసటి సంవత్సరమే జపాను దేశీయుడగు ఒకాకురా కాకుజో కలకత్తాకు వచ్చి ఠాకూరు కుటుంబముతో మైత్రి చేసెను. ఆసియా సంస్కృతి అంతయు ఒక్కటేయని బోధించిన కళాతత్త్వవేత్త ఆయన. ఆయనతో భారతదేశమునకు వచ్చిన హోరీ అను యువకుడు సంస్కృతము నభ్యసించుటకై శాంతినికేతనమున చేరెను. ఆ పాఠశాలకు విదేశమునుండి వచ్చిన మొదటి విద్యార్థి అతడే. 1905లో సానో అను మరియొక జపానీయుడు వచ్చి, బాలురకు జూడో విద్యను, తన భాషను నేర్పెను. విశ్వవిద్యాలయమను మాట పుట్టకమునుపే ఆసియా భాషాభ్యాసము ఆ చెట్లక్రింద ఈ విధముగా ఆరంభమైనది. పెద్ద ప్రణాళికలేవియు లేవు. వచ్చినవాడు తన దగ్గరనున్నది నేర్పుచు, లేనిది నేర్చుకొనుచు ఉండెను.

1913లో నోబెలు బహుమానము లభించిన పిమ్మట ఆయనకు ప్రపంచపు వాకిళ్లన్నియు తెరువబడెను. 1916లో ఆయన జపానుకు వెడలెను. అచట ఆయనకు జరిగిన స్వాగతము అసాధారణము. ఆ దేశీయుల సౌందర్యదృష్టి, మితభాషిత్వము, గృహమున ఒక్క పుష్పమును అమర్చుటలో కనబరచు శ్రద్ధ ఆయనను ముగ్ధుని చేసెను. కాని అదే సమయమున, ఐరోపాను అనుకరించి సేనలను పెంచుకొని పొరుగువారిని లోబరచుకొను తృష్ణయు ఆయనకు కానవచ్చెను. టోకియో ఇంపీరియల్ విశ్వవిద్యాలయమునందును, కెయో విశ్వవిద్యాలయమునందును ఉపన్యసించుచు ఆయన ఆ సంగతిని దాచక చెప్పెను. అంతటితో పత్రికల ధోరణి మారినది. ఓడిపోయిన జాతి కవి చెప్పు మాట గెలిచిన జాతి ఏల వినవలెనని పరిహసించినవారును ఉండిరి. రాకకు కిక్కిరిసిన జనము పోకనాటికి పలుచబడెను.

ఈ యాత్రానంతరము ఆయన మనస్సున ఒక సంకల్పము దృఢపడినది. తన పాఠశాలను భారతదేశమును ప్రపంచమును కలుపు స్థానముగా మార్పవలెనని ఆయన నిశ్చయించెను. 1918 డిసెంబరు 23న విశ్వభారతికి శంకుస్థాపన జరిగెను. 1919 ఆరంభమున ఆయన దక్షిణదేశమున సంచరించుచు, మదరాసు చెంతనున్న అడయారులో భారతీయ సంస్కృతీ కేంద్రమును గూర్చి ఉపన్యసించెను. వైదిక, పౌరాణిక, బౌద్ధ, జైన, ఇస్లాము సంస్కృతులను ఒకే ఆవరణమున అభ్యసింపనిదే మనలను మనము ఎరుగలేమని ఆ ఉపన్యాస సారాంశము. ఆ పర్యటనలోనే ఆయన మన మదనపల్లెకు వచ్చి, అచటి కళాశాలలో కొన్నిదినములు విశ్రమించి, జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి పరివర్తించెను. విశ్వభారతి భావము ఆయన మనస్సున రూపుదిద్దుకొనుచున్న నెలలలో ఆయనకు ఆతిథ్యమిచ్చిన భాగ్యము రాయలసీమకు దక్కినది.

1921 డిసెంబరు 23న విశ్వభారతి ప్రారంభోత్సవము జరిగెను. తత్త్వవేత్త బ్రజేంద్రనాథ శీల్ అధ్యక్షుడు. ఆనాటి సభలో పారిసునుండి వచ్చిన సిల్వా లెవీ పండితుడును ఉండెను. ఆయనయే విశ్వభారతికి వచ్చిన ప్రథమ విదేశాచార్యుడు. ఫ్రెంచి దేశీయుడు వంగదేశమునకు వచ్చి నేర్పినదేమి? చైనా భాషయు, టిబెట్టు భాషయు. ఇది వినుటకు వింతగా తోచవచ్చును. కాని దీని వెనుక నున్న కారణము మన చరిత్రకు సంబంధించినది.

భారతదేశమున పుట్టిన సంస్కృత బౌద్ధగ్రంథములు అనేకములు మన దేశమున నశించెను. వానిని పూర్వము చైనా పండితులును, టిబెట్టు పండితులును తమ భాషలలోనికి అనువదించుకొని కాపాడిరి. దీనికి దృష్టాంతము కొరకు మనము దూరము పోనక్కరలేదు. కృష్ణాతీరమున నాగార్జునకొండ పేరుతో ముడిపడిన ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజునకు సుహృల్లేఖ యను ఉపదేశపత్రమును వ్రాసెనని సంప్రదాయము. ఆ లేఖ నేడు మనకు సమగ్రముగా లభించుచున్నది చైనా, టిబెట్టు అనువాదముల మూలమున. సంస్కృత మూలము మనకు నిలువలేదు. ఆంధ్రరాజునకు వ్రాసిన లేఖను ఆంధ్రుడు తెలిసికొనవలెనన్నచో లాసాకో, పెకింగుకో మ్రొక్కవలసిన స్థితి. అట్లే ఏడవ శతాబ్దమున మన ధాన్యకటకమును దర్శించిన హ్యూన్‌త్సాంగు వ్రాసియుంచిన వృత్తాంతము లేకున్నచో ఆనాటి ఆంధ్రదేశమును గూర్చి మన మెరుగునది ఎంతయో తగ్గిపోవును. చైనా భాష నేర్చుకొనుట అనగా పరుల సొమ్ము నాశించుట కాదు. మనము దాచుకొనలేక పోగొట్టుకొన్న సొత్తును దాచిపెట్టిన పొరుగువాని యింటికి పోయి, కృతజ్ఞతతో అడుగుట.

లెవీ పండితుని తరగతిలో పెద్దలే విద్యార్థులైరి. విధుశేఖర భట్టాచార్య శాస్త్రి సంస్కృతమున ఉద్దండుడయ్యు టిబెట్టు భాషకు ఓనమాలు దిద్దెను. ప్రభాతకుమార ముఖోపాధ్యాయుడు చైనా లిపిని చేపట్టెను. తదుపరికాలమున ఈయనయే రవీంద్రుని బృహజ్జీవిత చరిత్రను రచించెను. కలకత్తానుండి వచ్చి చేరిన ప్రబోధచంద్ర బాగ్చీ ఆ విద్యలోనే మహాపండితుడై, 1954లో విశ్వభారతికి ఉపాధ్యక్షుడయ్యెను. ఉపాధ్యాయుడు తిరిగి విద్యార్థి యగుటకు సిగ్గుపడని చోటనే క్రొత్త విద్య వేరూనును. ఈ సంగతి మన వృత్తివారు ప్రత్యేకముగ గమనింపదగినది.

1924లో రవీంద్రునకు చైనానుండి ఆహ్వానము వచ్చెను. పిలిచినవారు లియాంగ్ చిచావో ప్రభృతి విద్వాంసులు. సంస్కృత పండితుడు క్షితిమోహన సేనును, చిత్రకారుడు నందలాల్ బోసును, చరిత్రకారుడు కాళిదాస నాగును, శ్రీనికేతనమున గ్రామసేవ సాగించిన ఎల్మ్‌హర్‌స్టును వెంటబెట్టుకొని ఆయన ఏప్రిల్ 12న షాంఘై నగరమున దిగెను. పెకింగులో మే నెల 8వ తేదీన ఆయన జన్మదినోత్సవము జరిగెను. చిత్ర యను ఆయన నాటకమును అచటి యువరచయితలు ప్రదర్శించిరి. లియాంగ్ చిచావో ఆయనకు చైనా పేరొకటి ప్రసాదించెను. ఝూ ఝెన్‌దాన్ అను ఆ పేరులో మొదటి భాగము ప్రాచీన చైనీయులు భారతదేశమునకు వాడిన పేరునుండియు, రెండవ భాగము ప్రాచీన భారతీయులు చైనాకు వాడిన పేరునుండియు గ్రహింపబడినవి. రెండు దేశములు ఒక మనుష్యుని నామధేయమున కలిసికొనెను.

అయినను ఆ యాత్ర సుఖాంతము కాలేదు. ఆనాటి చైనా సేనానాయకుల కలహములతో చీలి, విదేశీయుల ఒత్తిడికి లోనై క్రుంగియుండెను. ఆ దేశపు యువకులు తమ దుర్దశకు ప్రాచీన సంప్రదాయములే కారణమని నమ్మి, విజ్ఞానశాస్త్రమును, యంత్రశక్తిని, రాజకీయ విప్లవమును కోరుచుండిరి. అట్టివారికి ప్రాచ్యదేశముల ఆత్మసంపదను కొనియాడు వృద్ధకవి వెనుకకు లాగువానివలె కనబడెను. చెన్ దూషియు వంటి నాయకులు ఆయనను విమర్శించిరి. సభలలో ఆయనకు వ్యతిరేకముగా కరపత్రములు పంచిరి. రవీంద్రుడు నొచ్చుకొని పెకింగులో చేయవలసిన ఉపన్యాసములు కొన్నింటిని విరమించెను. నిష్పక్షపాతముగ చూచినచో ఆ యువకుల ఆవేదనలో సత్యములేకపోలేదు. రవీంద్రునియందును వారు ఆరోపించిన దోషము పూర్తిగ లేదు. విజ్ఞానశాస్త్రముతో గ్రామములను ఉద్ధరించుటకై 1922లోనే శ్రీనికేతనమును స్థాపించినవాడాయన. ఆ సంగతి వారికి తెలియదు. వారి గాయముల లోతు ఆయనకు సంపూర్ణముగ తెలియదు.

ఈ అపార్థమునకు మూలమేమి? నాకు తోచిన కారణమొకటి కలదు. చైనాలో రవీంద్రుడు ఇంగ్లీషున ఉపన్యసించెను. షూ జిమో అను యువకవి ఆయన ప్రసంగములను చైనా భాషలోనికి మార్చుచుండెను. ఆసియాలోని రెండు ప్రాచీన జాతులు మాటలాడుకొనుటకు సముద్రములకావలి మూడవ భాష వలసివచ్చినది. వేదికమీది ఉపన్యాసము గంటసేపు సాగును. కరతాళధ్వనులో కరపత్రములో దానితోడనే ముగిసిపోవును. భాషాభ్యాసమునకు సంవత్సరములు పట్టును. ఆ సంవత్సరములలో ఇరువురును ఒకరి మనస్సులోనికొకరు ప్రవేశింతురు. చైనానుండి తిరిగివచ్చిన పిమ్మట రవీంద్రుడు ఉపన్యాసములకంటె పాఠములకే ఎక్కువగ ప్రయత్నించుట మనకు కనబడును.

ఆ ప్రయత్నము చైనాతో ఆగలేదు. 1925లో ఇటలీనుండి వచ్చిన తుచ్చీ పండితుడు శాంతినికేతనమున చైనా, టిబెట్టు భాషలను బోధించెను. ఇస్లాము సంస్కృతిని అభ్యసించుటకై హైదరాబాదు నిజాము లక్ష రూపాయల విరాళమొసగెను. ఆ పీఠమునకు హంగరీ దేశపు జెర్మానుస్ పండితుడు 1929లో ఆచార్యుడుగా వచ్చెను. 1932లో రవీంద్రుడు పారసీక ప్రభువగు రెజా షా ఆహ్వానముపై ఇరాను దేశమునకు వెడలి, షిరాజు నగరమున తండ్రికి ప్రియకవియగు హాఫిజ్ సమాధిచెంత కూర్చుండెను. ఆ యాత్రాఫలముగా పూరే దావూద్ అను ఇరాను పండితుడు శాంతినికేతనమునకు వచ్చి పాఠములు చెప్పెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో రవీంద్రుడు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున మానవుని గూర్చి ఉపన్యాసములిచ్చెను. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు పరిషత్తునకు ఉపాధ్యక్షుడు. ఆ తరుణముననే హైదరాబాదునకును పోయి బంజారా కొండలమీద బసచేసెను. తెలుగువారును శాంతినికేతనమునకు పోవుచునే ఉండిరి. రాయప్రోలు సుబ్బారావు అచట కొంతకాలముండి వచ్చెను. బెజవాడ గోపాలరెడ్డి అచటనే చదివి, రవీంద్రుని రచనలను మూలమునుండి తెలుగులోనికి తెచ్చెను. ఇంగ్లీషు మెట్లెక్కక వంగభాషనుండి నేరుగా తెలుగునకు వచ్చిన ఆ అనువాదములు, రవీంద్రుని సంకల్పము మనయెడ ఫలించుటకు నిదర్శనములు.

ఇక చీనాభవనపు కథకు వత్తము. 1927లో రవీంద్రుడు మలయా, జావా, బలి, సయాం దేశములలో పర్యటించెను. ఆ యాత్రలో ఆయనకు తాన్ యున్ షాన్ అను చైనా యువకునితో పరిచయమయ్యెను. 1898లో హూనాన్ రాష్ట్రమున జన్మించిన ఈ యువకుడు మలయాలో ఉపాధ్యాయుడుగా జీవించుచుండెను. కవి పిలిచెను, ఉపాధ్యాయుడు 1928లో శాంతినికేతనమునకు వచ్చెను. వచ్చినవాడు కొలదిమంది విద్యార్థులకు చైనా భాష నేర్పుచు, తాను సంస్కృతము నేర్చుకొనుచు ఉండెను. అయితే ఉపాధ్యాయుడొక్కడున్న చాలదు. గ్రంథములు కావలెను, గృహము కావలెను. విశ్వభారతికో, సర్వదా ధనాభావమే. డెబ్బదియైదేండ్లు నిండవచ్చిన వయస్సున రవీంద్రుడు నాటకబృందమును వెంటగొని ఊరూర ప్రదర్శనములిచ్చి నిధులు సేకరించుచుండెను. 1936లో ఢిల్లీలో ఆయన దుస్థితిని చూచి గాంధీజీ చలించి, అరువదివేల రూపాయలు సమకూర్చి, ఇంటికి పోయి విశ్రమింపుడని వేడుకొనెను.

ఈ స్థితిలో తాన్ యున్ షాన్ స్వదేశమునకు పోయి, 1933లో నాన్‌కింగున చైనా భారత సాంస్కృతిక సంఘమును నెలకొల్పుటకు కారకుడయ్యెను. మరుసటి సంవత్సరము శాంతినికేతనమునను అట్టి సంఘమేర్పడినది. చియాంగ్ కై షేక్ మొదలగు నాయకుల సాహాయ్యముతో భవనమునకు ధనమును, వేలకొలది చైనా గ్రంథసంపుటములను సంపాదించి 1936లో ఆయన మరలివచ్చెను. అట్లు లేచినది చీనాభవనము. ఆ భవనపు గోడలమీద తదుపరికాలమున నందలాల్ బోసును, బినోదబిహారి ముఖర్జీయును చిత్రములు రచించిరి.

చీనాభవనము తెరచిన సంవత్సరముననే చైనాలో యుద్ధాగ్ని రగిలినది. డిసెంబరులో నాన్‌కింగు నగరము జపాను సేనలకు చిక్కి ఘోరహింసకు గురియయ్యెను. జపాను సైనికులు యుద్ధమునకు పోవుచు విజయమునకై బుద్ధుని ఆలయమున ప్రార్థించిరన్న వార్త విని రవీంద్రుడు ఆవేదనతో ఒక కవిత వ్రాసెను. కరుణామూర్తిని హింసకు తోడు రమ్మనుటకంటె ఆయనకు మనోవ్యథ కలిగించిన విషయము మరియొకటి లేదు.

1938లో ఆయన స్నేహమునకు కఠిన పరీక్ష వచ్చినది. యోనె నోగుచీ అను జపాను కవి రవీంద్రునకు మిత్రుడు. కొన్నియేండ్ల క్రిందట భారతదేశమునకు వచ్చి, కలకత్తాలో ఉపన్యసించి, శాంతినికేతనమున అతిథిగా ఉండి పోయినవాడు. ఆయన రవీంద్రునకు లేఖ వ్రాసి, ఈ యుద్ధము ఆసియాను ఆసియావాసులకే దక్కించుటకు తప్పనిసరియైనదని వాదించెను. ఆసియా ఐక్యతయను మాట రవీంద్రునకు ప్రాణసమానము. ఆ మాటనే యిప్పుడు తుపాకికి తొడుగుగా వాడుచుండిరి. రవీంద్రుడు మౌనము వహించియుండవచ్చును; వార్ధక్యము, అనారోగ్యము నెపముగా చూపవచ్చును. ఆయన అట్లు చేయలేదు. తాను కోరిన ఆసియా నరసంహారముపై లేచునది కాదని సవిస్తరముగ బదులు వ్రాసెను. రెండుమారులు లేఖలు పోయినవి, వచ్చినవి. కడపటి లేఖలో, తాను ప్రేమించు జపాను ప్రజలకు విజయమును కోరజాలననియు, పశ్చాత్తాపమునే కోరుచున్నాననియు తెలిపెను. ఒక జాతి భాషను, కళను ప్రేమించుట వేరు. ఆ జాతి పాలకుల దుష్కృత్యములను సమర్థించుట వేరు. ఈ రెంటిని వేరుపరచి చూచుటకు వలసిన ధైర్యమును ఆయన పలుకుబడి కోల్పోవుటకు వెరవక చూపెను.

యుద్ధము సాగుచుండగనే చీనాభవనమునకు అతిథులు వచ్చుచుండిరి. 1939లో చైనా చిత్రకారుడు షూ బేహోంగ్ వచ్చి, కొంతకాలము శాంతినికేతనమున నివసించి, రవీంద్రుని చిత్రించెను. 1940లో తాయ్‌షూ అను బౌద్ధాచార్యుడు చైనానుండి ఒక బృందముతో వచ్చెను. వారి దేశమున నగరములు తగులబడుచుండగా ఇచట వారి గ్రంథములను విప్పి చదువువారు ఉండిరి. ఏనాడో మన గ్రంథములను వారు కాపాడినట్లే, ఆ కష్టకాలమున వారి గ్రంథములకు మనము నీడ యిచ్చితిమి.

1941 ఆరంభమునకే రవీంద్రుడు మంచము పట్టియుండెను. కలము పట్టలేక చెప్పి వ్రాయించుచుండెను. ఆ దినములలోని ఒక కవితలో ఆయన చైనాలో జరిగిన తన జన్మదినమును తలచుకొనెను. ఎరుగనివారు తనకు ఒక పేరును, ఒక వస్త్రమును ఇచ్చి తమవానిగా చేసికొనిరనియు, స్నేహితులున్న చోటనెల్ల మనుష్యునకు క్రొత్త జన్మ లభించుననియు ఆ కవిత భావము. నొప్పించిన కరపత్రములు ఆయన జ్ఞప్తికి రాలేదో, వచ్చినను వానిని పక్కకు నెట్టెనో మనము చెప్పలేము. కవితలో మిగిలినది పేరును, వస్త్రమును మాత్రమే. 1941 ఆగస్టు 7వ తేదీన, తాను పుట్టిన జోడాసాంకో భవనముననే ఆయన కన్నుమూసెను.

ఆయన పోయిన మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో చియాంగ్ కై షేక్ శాంతినికేతనమును దర్శించెను. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. 1957లో చైనా ప్రధాని చౌ ఎన్ లై అచటికి వచ్చి గౌరవ పట్టమును స్వీకరించెను. అయిదేండ్లకే, 1962లో, రెండు దేశముల నడుమ సరిహద్దు యుద్ధము వచ్చినది. పాలకుల స్నేహము ఎంతటి అస్థిరమో దీనివలన తెలియుచున్నది. తాన్ యున్ షాన్ మాత్రము భారతదేశమును వీడలేదు. రవీంద్రుడప్పగించిన పనికి జీవితమును ధారపోసి, 1983లో బుద్ధగయలో దేహము చాలించెను. 1994లో జపాను భాషాసంస్కృతులకు నిప్పన్ భవనము తెరచిరి. చీనాభవనము, నిప్పన్ భవనము నేడు ఒకే విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పుచున్నవి. 1938లో ఆ వృద్ధుడు చూడనోచని దృశ్యమది. 2023లో యునెస్కో శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఇవన్నియు చెప్పిన పిమ్మట మన ఇంటి సంగతి ఒకటి మిగిలియున్నది. నాగార్జునసాగరము చూడబోయిన మన విద్యార్థులు దీవిమీది మ్యూజియమున శిల్పములను చూచి వత్తురు. ఆ కొండకు పేరిచ్చిన ఆచార్యుడు మన రాజునకు వ్రాసెనని చెప్పబడు లేఖను, అది నిలిచియున్న భాషలో చదివి, తెలుగువారికి విప్పి చెప్పగలవారు మన కళాశాలలలో ఎందరు గలరు? రవీంద్రుడు గ్రంథాలయము నిండువరకు ఆగలేదు. ధనము చేరువరకును ఆగలేదు. చెట్టుక్రింద ఒక ఉపాధ్యాయుడు, ఎదుట కొలదిమంది విద్యార్థులు ఉండగనే పాఠము మొదలుపెట్టించెను. మన తరగతులలో ఒక్క విద్యార్థి ఆ లిపిని దిద్దుటకు పూనుకొన్నను, నాగార్జునుని లేఖ కృష్ణాతీరమునకు తిరిగి చేరుటకు త్రోవ యేర్పడును.